ఇరవయ్యో తారీకు గండం దాటిన తీరు

నెలకు 42,000 రూపాయల జీతం చేతికి వస్తున్నా, ఇరవయ్యో తారీకు దాటేసరికి బావమరిదిని చేబదులు అడగవలసిన పరిస్థితి మా ఇంట్లో రెండేళ్లపాటు కొనసాగింది. అద్దె, పాలు, కరెంటు బిల్లు అన్నీ లెక్కలోనే ఉండేవి కనుక తప్పు ఎక్కడ జరుగుతోందో చాలాకాలం అర్థం కాలేదు.

చివరకు నా భార్య పాత డైరీ ఒకటి తీసి, నెలనెలా రాని ఖర్చులను మాత్రమే అందులో రాసింది. జూన్‌లో పిల్లల ఫీజులు 48,000, బీమా ప్రీమియంలు 9,000, దసరా, సంక్రాంతి బట్టలకూ ఊరి ప్రయాణాలకూ 27,000, వెరసి 84,000 రూపాయలు తేలింది. పన్నెండుతో భాగిస్తే నెలకు 7,000. ఆ మొత్తాన్ని ఇప్పుడు జీతం పడిన మర్నాడే, ఫోన్‌పే, గూగుల్‌పేలకు జోడించని వేరే పొదుపు ఖాతాకు మళ్లిస్తున్నాము.

ఆ 7,000 మిగల్చడమే కష్టమైంది. ఫోన్‌లో చెల్లింపుల చిట్టా తిరగేస్తే టీలు, బజ్జీలు, ఆటోల కింద 4,300 కనిపించింది. అందులో సింహభాగం నాదేనని ఒప్పుకోక తప్పలేదు. కిరాణా కొట్టులో పద్దు మానేసి, నెల సరుకులను ఒకేసారి నగదుకు హోల్‌సేల్‌లో తెచ్చుకోవడంతో మిగతాది సర్దుకుంది. గ్యాస్ బండ మార్చిన తేదీని వంటింటి క్యాలెండరులో రాస్తున్నందున, 14.2 కిలోల బండ మాకు నలభై అయిదు రోజులు వస్తుందని తెలిసి, ఏ నెలలో ఆ ఖర్చు పడుతుందో ముందే రాసుకుంటున్నాము.

మొన్న జూన్‌లో ఫీజు ఆ ఖాతా నుంచే కట్టాము.