ట్రాక్టర్ లిఫ్టు లేవడం లేదా? పంపు కొనే ముందు జాలీ విప్పి చూడండి

మా మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువకు నీళ్లొదిలితే పాత ట్రాక్టర్లన్నీ కేజ్ వీల్స్ కట్టుకుని దమ్ములోకి దిగుతాయి. దమ్ములు అయ్యేసరికి నా షెడ్డుకు ఒకటే మాట వస్తుంది: "అన్నా, రోటావేటర్ లేస్తలేదు, పంపు పోయినట్టుంది." ముందు జాలీ, అంటే పంపుకు వెళ్లే ఆయిల్‌ను వడకట్టే తీగ వల, చూద్దాం అంటాను. జాలీ పూడితే పంపుకు ఆయిల్ చాలదు. వెనక పనిముట్టును ఎత్తే లిఫ్టు కుదుపులతో లేస్తుంది, పంపు కూత పెడుతుంది. అలాగే నడిపిస్తే బాగున్న పంపు కూడా అరుగుతుంది.

గేర్‌బాక్సుకూ లిఫ్టుకూ ఒకటే ఆయిల్ ఉండే బండ్ల సంగతి ఇది. కాసేపు నడిపి, ఆయిల్ గోరువెచ్చగా ఉండగా చదును నేల మీద ఆపండి. అప్పుడు ఆయిల్ దించితే మడ్డి కూడా దాంతోపాటే దిగుతుంది. పనిముట్టు విప్పి, లిఫ్టు చేతులు పూర్తిగా దించి, చక్రాలకు రాళ్లు పెట్టండి. జాలీ ఉండే మూత చుట్టూ ఉన్న బురద డీజిల్‌తో కడిగాకే బోల్టులు వదులు చేయాలి.

దిగిన ఆయిల్ పాల రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే. యాక్సిల్ సీళ్లు, గేర్ రాడ్ దగ్గరి రబ్బరు చూడండి. అవి బాగుచేయకుండా కొత్త ఆయిల్ పోస్తే డబ్బు దండగ.

పాత జాలీని వెంటనే కడగకండి, పారేయకండి. తెల్ల గుడ్డ మీద దులపండి. ఇనుప పెచ్చులు రాలితే గేర్లు, బేరింగులు చూడాలి. పసుపు రంగు పొడి ఉంటే ఏదో బుష్ అరుగుతోంది. రబ్బరు ముక్కలైతే సీలు చితికింది. ఉత్త మడ్డే అయితే సంతోషించండి. తీగ ఎక్కడా తెగకపోతే డీజిల్‌లో కడిగి, లోపలి నుంచి బయటికి గాలి కొట్టి మళ్లీ వాడుకోవచ్చు. ఒక్కచోట చిరిగినా మార్చాల్సిందే.

కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి పొడవు, చుట్టుకొలత, మరలు పోల్చండి. ఓ-రింగ్ (గాలి చొరకుండా వేసే రబ్బరు రింగు) కొత్తదే వేయండి, ఆయిల్ పూసి కూర్చోబెట్టండి. అక్కడ గాలి పీలిస్తే ఆయిల్ నురగలొచ్చి లిఫ్టు మళ్లీ మొరాయిస్తుంది. లోపల కాటన్ వేస్టుతో తుడవొద్దు, ఆ దారాలే జాలీకి చుట్టుకుంటాయి. సిలికాన్ పేస్టు కూడా ప్యాకింగ్ మీద పలచగా చాలు. ఎక్కువైతే లోపలికి ఊడిపడుతుంది.

కంపెనీ పుస్తకంలో చెప్పిన గ్రేడు ఆయిల్‌నే గుర్తు దాకా పోయండి. పనిముట్టు లేకుండా, తక్కువ రేసులో లిఫ్టును పలుమార్లు ఎత్తి దించి, ఆయిల్ మట్టం మళ్లీ చూడండి. తగ్గితే కలపండి. తీసిన ఆయిల్‌ను మాత్రం కాలువ పక్కన పారబోయకండి. డబ్బాలో పట్టి పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇవ్వండి.