మల్లె మొక్కను పూతకు సిద్ధం చేయడం, పూలను తనివితీరా వాడుకోవడం ఎలా?

మార్చి రాగానే నర్సరీల ముందు మొగ్గలతో నిండిన మల్లె మొక్కలు వరుసగా కనిపిస్తాయి. చూసి ఆగలేక ఒకటి కొని తెచ్చుకుంటాం. కొన్నాళ్లు బాగానే పూస్తుంది. ఆ తర్వాత ఏడాదంతా ఆకులే. మరుసటి వసంతంలోనూ పూయకపోతే "మా ఇంటికి మల్లె అచ్చిరాదు" అని తేల్చేస్తాం.

చాలా ఇళ్లలో మల్లె పూయకపోవడానికి కారణం మనం చేసే గారాబమే. చలికాలమంతా రోజూ నీళ్లు పోస్తాం, గుర్తొచ్చినప్పుడల్లా ఎరువు వేస్తాం, ఒక్క కొమ్మ తెంపాలన్నా ప్రాణం ఒప్పదు. మల్లె పూసేది కొత్త చివుళ్ల మీద. పాత కొమ్మ తెగితేనే కొత్త చివురు బలంగా వస్తుంది. అందుకే వసంతంలో పూలు కావాలంటే సంక్రాంతి నాటికే కాస్త కఠినంగా ఉండాలి.

ఇక్కడ చెప్పేదంతా గుండుమల్లె, దొంతర మల్లె గురించి. కాగడా మల్లెలు చలికాలంలోనూ పూస్తాయి కాబట్టి వాటికి ఈ లెక్క పనికిరాదు.

ముందు ఎండ చూసుకోండి

రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ పడాలి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో పొద్దున రెండు గంటలే ఎండ వస్తుంటే, ఎంత మంచి ఎరువు వేసినా ఆకులతోనే సరిపెట్టుకోవాలి. అలాంటి చోట మల్లె పెట్టకపోవడమే మేలు. మిద్దె మీద చోటుంటే అంతకన్నా మంచి జాగా లేదు.

కుండీ 14 అంగుళాలకు తగ్గకూడదు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కలిపితే చాలు. అడుగున రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోండి. వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే మల్లె తట్టుకోదు.

నీళ్లు తగ్గించండి

డిసెంబర్ చివరి నుంచి మొక్కకు విశ్రాంతి ఇవ్వాలి. నేలలో ఉన్న మొక్కకైతే రెండు మూడు వారాలు నీళ్లు పూర్తిగా ఆపేయవచ్చు. కుండీలో మట్టి తొందరగా ఆరిపోతుంది కాబట్టి అంత సాహసం వద్దు. ఆకులు కాస్త వాడినట్టు కనిపించినప్పుడు ఒక చెంబెడు పోసి వదిలేయండి. మల్లె తోటలు వేసే రైతులూ కత్తిరింపులకు ముందు తోటను ఇలాగే ఎండగడతారు. ఆకులు పసుపెక్కి రాలుతుంటే టెన్షన్ పడకండి, మనకు కావలసింది అదే.

ధైర్యంగా కత్తిరించండి

సంక్రాంతికి, శివరాత్రికి మధ్య ఈ పని పూర్తి కావాలి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, ఎండ ముదిరేసరికి కొత్త చివుళ్లు సిద్ధంగా ఉండాలి.

నేలలో ఉన్న పెద్ద పొదను భూమి నుంచి సుమారు ఒకటిన్నర అడుగుల ఎత్తుకు కోసేయాలి. కుండీ మొక్కనైతే సగానికి. ఎండిపోయిన పుల్లలు, పెన్సిల్ కన్నా సన్నగా ఒకదానిమీద ఒకటి పడి పెరిగిన కొమ్మలు, లోపలికి తిరిగినవి మొదలంటా తీసేయండి. కత్తెర పదునుగా, శుభ్రంగా ఉండాలి. కణుపుకు కొద్దిగా పైన, ఏటవాలుగా కోయండి. తర్వాత మిగిలిన ఆకులన్నీ చేత్తో దూసేయాలి. ఆకు దూస్తే ప్రతి కణుపు దగ్గరా ఒకేసారి చిగురు పడుతుంది, పూతా ఒక్క ఊపున వస్తుంది. కోత అయ్యాక మొక్క దిగంబరంగా మిగిలిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లు చూసి "చంపేశావా దాన్ని!" అన్నా పట్టించుకోకండి.

ఉగాది దాకా ఈ పని మర్చిపోయారా? అప్పుడు మాత్రం మొదలంటా కోయకండి. ప్రతి కొమ్మ చివర జానెడు తీసేయండి. పూత కొంచెం ఆలస్యంగా, మే నెలలో వస్తుంది.

మేత, నీళ్లు

కత్తిరించిన రెండు మూడు రోజులకు పైమట్టిని రెండు అంగుళాల లోతున గుల్ల చేసి, కుండీకి కిలో చొప్పున పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్ట్ గానీ కలపండి. గుప్పెడు వేపపిండి వేస్తే వేళ్లకు పట్టే పురుగులు తగ్గుతాయి. నేలలోని పెద్ద పొదకు పది కిలోల దాకా పశువుల ఎరువు వేయవచ్చు. తర్వాత నిండుగా నీళ్లు పోయండి. ఇన్నాళ్లు దాహంతో ఉన్న మొక్క ఈ నీళ్లతో ఒక్కసారిగా లేస్తుంది.

యూరియా జోలికి మాత్రం పోవద్దు. నత్రజని ఎక్కువైతే తీగలు సాగి, ఆకులు పచ్చగా మెరుస్తాయి, మొగ్గ మాత్రం కనబడదు. అరటి తొక్కలు నానబెట్టిన నీళ్ల గురించి వీడియోల్లో చాలా గొప్పగా చెబుతుంటారు. పోస్తే నష్టం లేదు, అందులో ఉండే పోషకం మాత్రం బహు తక్కువ. కొత్త ఆకులు లేత పసుపుగా మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కలిపి సాయంత్రం పూట చల్లితే సరిపోతుంది.

మొగ్గ కనిపించాక

చిగురు చివర బియ్యపు గింజల్లా మూడేసి మొగ్గలు కనిపించడం మొదలైతే ఇక మట్టి ఎండనివ్వకండి. ఈ దశలో ఒక్క రోజు నీళ్లు తప్పినా మొగ్గలు రాలతాయి. ఏప్రిల్‌లో మిద్దె మీద కుండీలకు పొద్దున్నే నీళ్లు తప్పనిసరి, బాగా ఎండ కాసే రోజుల్లో సాయంత్రం కూడా. మల్లె ఎండకు భయపడదు కానీ స్లాబు వేడికి వేళ్లు ఉడికిపోతాయి. కుండీ కింద నాలుగు ఇటుకలు పెట్టి, మట్టి మీద ఎండుటాకులు పరచండి.

మొగ్గలు ఊదారంగుకు తిరిగి ఎండిపోతున్నా, లోపల పురుగు తొలిచిన రంధ్రం కనిపించినా ఆ మొగ్గల్ని తుంచి దూరంగా పడేయాలి. కుండీలోనే వదిలేస్తే పురుగు మట్టిలోకి దిగి మళ్లీ వస్తుంది. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి, ఆ రోజు మొగ్గలు కోసుకున్నాక చల్లండి. ఆకుల వెనక ఎర్రనల్లి (రసం పీల్చే చిన్న ఎర్ర పురుగు) చేరితే పైపుతో నీళ్లు గట్టిగా కొట్టడమే మంచి మందు.

కోయడానికీ ఓ వేళ ఉంది

మార్కెట్‌కు పంపే రైతులు తెల్లవారుజామునే కోస్తారు. మనకు ఆ తొందర లేదు. సాయంత్రం నాలుగున్నర, ఐదు గంటల మధ్య మొక్క దగ్గరికి వెళ్లండి. ఆ రాత్రి విచ్చుకునే మొగ్గ తెల్లగా, ఉబ్బి, నిగనిగలాడుతూ ఉంటుంది. రేపటిది ఇంకా ఆకుపచ్చ ఛాయలో, సన్నగా ఉంటుంది. దాన్ని వదిలేయండి. గుత్తిలో నడిమి మొగ్గ ముందు విచ్చుకుంటుంది, పక్కవి తర్వాత. తొడిమ దగ్గర గోటితో గిల్లితే చాలు, లాగితే పక్క మొగ్గలూ ఊడి వస్తాయి.

కోసిన మొగ్గల మీద నీళ్లు చల్లకండి, రేకులకు గోధుమ మచ్చలు వస్తాయి. తడిపి పిండిన గుడ్డలో గానీ అరటాకులో గానీ వదులుగా చుట్టండి. దీపాలు పెట్టే వేళకు ఒక్కొక్కటే విచ్చుకుంటాయి. కోశాక కూడా మల్లె వాసన ఇస్తూనే ఉంటుంది, అందుకే రాత్రంతా గది ఘుమఘుమలాడుతుంది.

మాల కట్టడం రానివాళ్లు ఇలా మొదలుపెట్టండి. రెండు మొగ్గలు అటు, రెండు ఇటు, తొడిమలు మధ్యలో కలిసేలా పట్టుకుని దారం ఒక చుట్టు తిప్పి, మెలిక వేసి బిగించాలి. మరీ బిగిస్తే తొడిమ తెగుతుంది, వదిలేస్తే పువ్వు జారుతుంది. అరటినార దొరికితే కాసేపు నానబెట్టి వాడండి, మెత్తగా ఒదిగి దారం కన్నా బాగా పట్టు ఇస్తుంది. మధ్యమధ్య మరువం రెమ్మ పెడితే మాల ఖరీదైనదిగా కనిపిస్తుంది.

జడలో పెట్టుకునేవాళ్లు లేని ఇంట్లో ఏం చేయాలని అడుగుతారు. మిద్దె మీద నీళ్లు చల్లి, చాప వేసుకుని, పళ్లెంలో పూలు పోసి పక్కన పెట్టుకుంటే కరెంటు పోయినా బాధ తెలియదు. మందు ఏదీ చల్లని మొక్కవైతే ఎనిమిది, పది మొగ్గలు కడిగి రాత్రి మంచినీళ్ల కుండలో వేసి, పొద్దున్నే తీసేయండి.

ఒక విడత అయ్యాక

పూలు కోసేసిన కొమ్మను రెండు కణుపుల కిందికి కత్తిరిస్తే మళ్లీ చిగురు పడి, మళ్లీ మొగ్గ వేస్తుంది. ఇలా జూన్ దాకా విడతలు విడతలుగా పూయించవచ్చు. చలి దేశాల్లో ఉండే మన వాళ్లు కుండీని శీతాకాలం ఇంట్లోకి తెచ్చి, బయట రాత్రి చలి తగ్గాకే మళ్లీ ఎండలో పెట్టాలి. కత్తిరింపు కూడా అప్పటికి వాయిదా వేయండి.

తొలకరి పడ్డాక కింది కొమ్మను వంచి, కణుపు దగ్గర కొద్దిగా గాటు పెట్టి, మట్టిలో పూడ్చి పైన ఇటుక పెట్టండి. రెండు మూడు నెలల్లో వేళ్లు పట్టాక కోసి వేరే కుండీలో నాటుకోవచ్చు. ఆ పిల్లమొక్కకు మొదటి సంక్రాంతికి కోత వద్దు, కొనలు గిల్లితే సరిపోతుంది.