థిన్నర్ డబ్బాల వెనక బీడీ పీక

మాది రంగుల దుకాణం. ఓ కొత్త పనివాణ్ని చేర్చుకునే ముందే "బీడీ, సిగరెట్టు అలవాటుందా?" అని అడిగాను. "లేదండీ" అన్నాడు. మూడో వారం గోదాములో, రంగును పలచన చేసే థిన్నర్ డబ్బాల వెనక బీడీ పీక కనిపించింది. గుండె ఝల్లుమంది. థిన్నర్ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదే పాకుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

అందరి ముందూ కడిగేయాలనిపించింది. తమాయించుకుని, సాయంత్రం విడిగా పిలిచి పీకను బల్ల మీద పెట్టాను. "నిజం చెబితే పని ఇవ్వరనుకున్నానండీ" అన్నాడు తలవంచుకుని. నిజమే, ఇచ్చేవాణ్ని కాదేమో!

తీసేయలేదు. అగ్గిపెట్టె, బీడీకట్ట గల్లాపెట్టె దగ్గర ఇచ్చాకే లోపలికి వెళ్లాలి. రోజుకు రెండుసార్లు వీధి చివరి వేపచెట్టు దాకా వెళ్లి రావచ్చు. గోదాములో మళ్లీ పీక కనిపిస్తే ఆ రోజే లెక్క తేల్చేస్తానని కాగితం రాసి సంతకం పెట్టించుకున్నాను. ఆరు నెలలైంది, పేచీ లేదు. ఇప్పుడు కొత్తవాళ్లను "అలవాటుందా?" అని అడగడం లేదు, "ఎక్కడ కాలుస్తావు?" అని అడుగుతున్నాను.