విడిపోయాక బిడ్డ కస్టడీ కోసం, కనీసం చూపించమని కోర్టులో దరఖాస్తు వేసే విధానం

బిడ్డను చూడనివ్వడం లేదని చాలామంది ముందు పోలీస్ స్టేషన్‌కు వెళ్తారు. "ఇది సివిల్ మేటర్, కోర్టుకు పోండి" అని అక్కడ పంపేస్తారు. వినడానికి చిరాకుగా ఉన్నా ఆ మాట చాలావరకు నిజమే. పెద్దమనుషుల ముందు స్టాంపు కాగితం మీద రాసుకున్న ఒప్పందాన్ని కోర్టు చూస్తుంది గానీ, దానికి కట్టుబడి ఉండాల్సిన పని లేదు.

ముందుగా ఏ ఊళ్ళో వేయాలో చూసుకోవాలి. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం బిడ్డ మామూలుగా ఎక్కడ ఉంటుందో ఆ పరిధిలోని ఫ్యామిలీ కోర్టులో వేయాలి. ఫ్యామిలీ కోర్టు లేని చోట జిల్లా కోర్టులో. తల్లి పాపను తీసుకుని గుంటూరులోని పుట్టింటికి వెళ్ళి రెండేళ్ళుగా అక్కడే బడిలో చదివిస్తోందనుకోండి. తండ్రి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నా గుంటూరు వెళ్ళాల్సిందే. విడాకుల కేసు అప్పటికే నడుస్తుంటే వేరే పిటిషన్ అక్కర్లేదు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 26 కింద ఆ కేసులోనే ఐఏ (కేసు నడుస్తుండగా మధ్యలో వేసే దరఖాస్తు) వేయొచ్చు. గృహహింస కేసు నడుస్తుంటే మేజిస్ట్రేట్ కూడా గృహహింస చట్టం సెక్షన్ 21 కింద తాత్కాలిక కస్టడీ ఇవ్వగలరు.

పిటిషన్‌లో బిడ్డ పేరు, మతం, పుట్టిన తేదీ, ఉండే చోటు, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, దగ్గరి బంధువులెవరు, ఇంతకుముందు ఎక్కడైనా ఇలాంటి కేసు వేశారా అన్నవి రాయాలి. ఆడపిల్లయితే పెళ్ళయిందా, అయితే భర్త పేరు, వయసు ఏమిటని కూడా ఆ చట్టం అడుగుతుంది. 1890 నాటి కాలం ఆ ఒక్క గడిలో అలాగే నిలిచిపోయింది. గార్డియన్‌గా నియమించమని అడిగేవారు అందుకు సమ్మతిస్తున్నట్టు సంతకం చేసిన కాగితం, దాని మీద కనీసం ఇద్దరి సాక్షి సంతకాలు ఉండాలి. జత చేయాల్సినవి బర్త్ సర్టిఫికెట్, పెళ్ళి రుజువు, స్టడీ సర్టిఫికెట్, మీరు కట్టిన ఫీజుల రసీదులు, ఆదాయం కాగితాలు. అవతలివాళ్ళను తిట్టే పేజీలు తగ్గించి, బిడ్డ పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఎవరు చూసుకుంటారో రాయండి. జడ్జి వెతికేది అదే.

హిందువులకు 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం అయిదేళ్ళలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. ముస్లింలలో హనఫీ (సున్నీ సంప్రదాయాల్లో ఒకటి) పద్ధతి ప్రకారం కొడుకు ఏడేళ్ళ దాకా, కూతురు రజస్వల అయ్యేదాకా తల్లి దగ్గర. ఏ మతమైనా చివరికి తేల్చేది బిడ్డ బాగోగులే. ఊహ తెలిసిన పిల్లలైతే జడ్జి ఛాంబర్‌లో కూర్చోబెట్టి వాళ్ళ మనసులో ఏముందో అడుగుతారు. అక్కడ ఏం చెప్పాలో ముందే నూరిపోస్తే చాలాసార్లు ఇట్టే దొరికిపోతుంది.

దాఖలు చేశాక ఆఫీసు అభ్యంతరాలతో కాగితాలు తిరిగి రావడం మామూలే, కంగారు పడకండి. సరిచేసి ఇస్తే నంబరు పడుతుంది. కేసు గుర్తింపు కోసం ఇచ్చే పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు రాసుకుంటే ఈకోర్ట్స్ యాప్‌లో వాయిదాలు మీరే చూసుకోవచ్చు. తర్వాత నోటీసు, కౌన్సెలింగ్, కౌంటర్ (అవతలివాళ్ళు రాసిచ్చే జవాబు), సాక్ష్యం. లాయరు ఫీజు కట్టలేనివారు కోర్టు ఆవరణలోనే ఉండే న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఆడవారికి, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.

అసలు కేసు తేలడానికి ఏళ్ళు పట్టొచ్చు. అందుకే పిటిషన్‌తోపాటే, అది తేలేదాకా బిడ్డను చూపించమని ఐఏ వేయాలి. చాలామంది తడబడేది ఇక్కడే. "న్యాయమని తోచిన విధంగా చూపించవలెను" అని అడిగితే వచ్చే ఉత్తర్వూ అంతే వదులుగా ఉంటుంది. ప్రతి నెలా రెండో, నాలుగో ఆదివారం పొద్దున 10 నుంచి సాయంత్రం 5 దాకా, ఎవరు తెచ్చి దించాలి, ఎక్కడ దించాలి, సంక్రాంతి ఎవరింట్లో, దసరా ఎవరింట్లో, వేసవి సెలవుల్లో ఏ సగం ఎవరికి, బిడ్డకు జ్వరమొస్తే బదులు ఏ రోజు, ఇవన్నీ మీరే రాసి అడగండి. 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు, కస్టడీ దక్కని తల్లి లేదా తండ్రి రోజూ 5-10 నిమిషాలు బిడ్డతో మాట్లాడగలగాలని చెప్పింది. ఊళ్ళు వేరైతే వీడియో కాల్ సంగతీ ఐఏలో పెట్టండి.

ఖర్చులివ్వడం లేదు కాబట్టి చూపించననడం, చూపించడం లేదు కాబట్టి ఖర్చులివ్వననడం, రెండూ మీ కేసునే దెబ్బతీస్తాయి. అవి వేర్వేరు బాధ్యతలు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవారికి ఒక మాట. పిల్లల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. అక్కడి కోర్టు ఉత్తర్వు చేతిలో ఉన్నంత మాత్రాన ఇక్కడ బిడ్డ తనంతట చేతికి రాదు. ఇక్కడి కోర్టు దాన్ని ఒక అంశంగానే చూస్తుంది. ఇక్కడ ఉన్న బిడ్డను విదేశానికి తీసుకెళ్ళిపోతారన్న భయముంటే, అనుమతి లేకుండా దేశం దాటించకూడదనే షరతును ఐఏలోనే అడగండి.

కస్టడీ ఉత్తర్వు ఎప్పటికీ ఆఖరిది కాదు. బిడ్డ పరిస్థితి మారితే మళ్ళీ వెళ్ళి మార్పించుకోవచ్చు. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకుంటూ రాసుకున్న షరతులకూ ఇది వర్తిస్తుంది. ఫ్యామిలీ కోర్టు తుది తీర్పు మీద అప్పీలుకు హైకోర్టుకు 30 రోజుల్లో వెళ్ళాలి. ఉత్తర్వు వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టండి. చూపించనన్న ప్రతి ఆదివారం తేదీ, వాట్సాప్ సందేశం భద్రంగా దాచుకోండి. ఉత్తర్వు అమలు కోసం ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేసేటప్పుడు కావలసినవి అవే. ఉత్తర్వు కాపీ ఒకటి బడిలోనూ ఇచ్చి రండి, పాపను తీసుకెళ్ళడానికి ఎవరొచ్చినా హెడ్‌మాస్టరు తటపటాయించకుండా.