సామాజిక చరిత్ర మ్యూజియం ఆర్కైవ్‌లో ఇంటర్న్‌గా ఎలా పని చేయాలి?

ఒక ఊరిదో, ఒక వృత్తివారిదో, వలస వెళ్లిన ఒక సమూహానిదో చరిత్రను దాచే మ్యూజియంలో మనకు అద్దాల వెనక కనిపించేది కొంతే. ఉత్తరాలు, దస్తావేజులు, ఫొటోలు, సంఘం మినిట్స్ (సమావేశాల్లో జరిగింది రాసుకునే) పుస్తకాలు చాలావరకు వెనక గదిలో అట్టపెట్టెల్లో ఉంటాయి. ఆ గదే ఆర్కైవ్. ఇంటర్న్ పని అక్కడే. పాత కాగితం చిరగకుండా చూడటం అందులో సగమే. అది ఎవరిది, ఎక్కడిది, ఎవరు ఇచ్చారు అన్న సమాచారం దాని నుంచి విడిపోకుండా చూడటం మిగతా సగం. నా దృష్టిలో ఈ రెండోదే పెద్ద బాధ్యత.

1. చోటు ఎంచుకుని, ఉత్తరం రాయండి

మ్యూజియం అన్న బోర్డు ఉన్నచోటే వెతకనక్కర్లేదు. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాదు సుల్తాన్ బజారులో 1901 నుంచి ఉన్న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం గ్రంథాలయాలే అయినా, ఒక ప్రాంతపు ప్రజాజీవితాన్ని దాచిపెట్టాయి. దూరం వెళ్లగలిగితే అమృత్‌సర్ టౌన్‌హాల్‌లో 2017లో తెరిచిన పార్టిషన్ మ్యూజియం ఉంది. కుటుంబాలు ఇచ్చిన వస్తువులు, చెప్పిన జ్ఞాపకాలే దానికి ప్రాణం.

ఇంటర్న్‌షిప్ ప్రకటన ప్రతిచోటా రాదు. మీరే రాసి అడగాలి. ‘చరిత్రంటే ఆసక్తి’ అని రాస్తే వాళ్లకు తెలిసేదేమీ లేదు. తెలుగు గొలుసుకట్టు రాత చదవగలరా, ఉర్దూ వచ్చా, యూనికోడ్‌లో టైపు చేయగలరా, వారానికి ఎన్ని రోజులు రాగలరు అన్నది రాయండి. భృతి ఇస్తారా, ఏ పని అప్పగిస్తారు, ఎవరి కింద పనిచేయాలి అని మొహమాటపడకుండా అడిగేయండి.

2. మొదట రిజిస్టరు చదవండి

చేరగానే పెట్టెలు విప్పకండి. అక్సెషన్ రిజిస్టరు, అంటే మ్యూజియానికి వచ్చిన ప్రతిదానికీ నంబరు వేసి నమోదు చేసే పుస్తకం తెరిచి, ఏది ఎప్పుడు, ఎవరి ద్వారా వచ్చిందో చూడండి. ఒక ఇంటి నుంచి వచ్చిన కాగితాలు ఒకచోటే ఉండాలి. పెళ్లి శుభలేఖలన్నీ ఒక కట్ట, భూమి కాగితాలన్నీ ఒక కట్ట అని విడదీస్తే చూడ్డానికి బాగుంటుంది కానీ, ఆ ఇంటి కథ చెదిరిపోతుంది. శిస్తు రసీదు పక్కనే అప్పు పత్రం ఎందుకుందో ఆ వరసే చెబుతుంది. కట్ట విప్పేముందు ఉన్నది ఉన్నట్టు ఫొటో తీసుకోండి.

3. చేతులు, పెన్సిలు, బల్ల

గదిలోకి పెన్ను తీసుకెళ్లొద్దు, పెన్సిలే వాడాలి. టీ, నీళ్ల సీసా బయటే. చేతులు కడుక్కుని, అవి ఆరాకే కాగితాలను పట్టుకోవాలి. గుడ్డ గ్లవ్స్ వేసుకుంటే వాటికి కాగితం అంచులు తగులుకుని చిరుగుతాయి. ఫొటోలకు, నెగటివ్‌లకు మాత్రం నైట్రైల్ (పల్చటి రబ్బరు లాంటి) గ్లవ్స్ వేసుకోవాలి.

తుప్పు పట్టిన గుండుసూదులు, పిన్నులు కనిపిస్తే లాగేయకండి. ఎలా తీయాలో పర్యవేక్షకులను అడిగి నేర్చుకోండి. చిరుగులకు సెల్లోటేపు అంటించడం అన్నిటికన్నా చెడ్డ సాయం. దాని జిగురు పసుపెక్కి కాగితంలోకి ఇంకిపోతుంది. తాళపత్రాలకు నిమ్మగడ్డి నూనె రాయడం మన దగ్గర ఉన్న పద్ధతే, కానీ అది శిక్షణ పొందినవాళ్ల పని. కొత్తగా వచ్చిన పెట్టెలో చెదలు, బూజు జాడ ఉంటే మిగతావాటితో కలపకుండా వేరే గదిలో పెట్టించండి. బూజు దగ్గర మాస్కు తప్పనిసరి.

4. వివరం రాయడం

అసలు పని ఇదే. ‘పాత ఉత్తరం’ అని రాస్తే ఎవరికీ దొరకదు. ఎవరు, ఎవరికి, ఏ ఊరి నుంచి, ఏ తేదీన, దేని గురించి రాశారో రెండు మూడు వాక్యాల్లో రాయండి. ఊహించింది ఏదైనా ఉంటే చదరపు బ్రాకెట్లలో పెట్టి, ఊహ అని తెలిసేలా చేయండి.

తేదీల దగ్గర ఓపిక కావాలి. పాత మద్రాసు రాష్ట్రపు కాగితం మీద ఫసలీ (శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం) 1345 అని ఉంటే 590 కలపండి: 1935 జూలై నుంచి 1936 జూన్ వరకు అని అర్థం. ‘రక్తాక్షి నామ సంవత్సరం’ అని ఉంటే అది 1924–25 కావచ్చు, 1984–85 కావచ్చు. స్టాంపు మీద ఎవరి బొమ్మ ఉంది, రూపాయి లెక్క అణాల్లో ఉందా పైసల్లో ఉందా చూస్తే తేలిపోతుంది. అణాలు 1957లో పోయి నయాపైసలు వచ్చాయి.

పేర్లను సరిదిద్దకండి. 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు చెరకు తోటల పనికి వెళ్లినవారి ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీది గుర్తులు రాసుకున్నారు. మారిషస్ వెళ్లినవారి రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. గంజాం, వైజాగపటం (విశాఖపట్నం) నుంచి వెళ్లిన తెలుగువాళ్ల పేర్లను తెలుగు రాని గుమాస్తాలు చెవికి వినపడినట్టు ఇంగ్లిషులో రాశారు. ఇవాళ డర్బన్‌లోనో పోర్ట్ లూయీలోనో ఉన్న మనవరాలు వెతికేది ఆ తప్పు స్పెల్లింగుతోనే, ఎందుకంటే వాళ్ల ఇంటిపేరుగా స్థిరపడింది అదే. కాబట్టి ఉన్నది ఉన్నట్టు ఎక్కించి, సరైనదని మీకు తోచింది పక్క గడిలో రాయండి.

పాత రికార్డుల్లో కులాల గురించి కించపరిచే మాటలు కనిపిస్తాయి. నకలులో వాటిని మార్చకూడదు, మారిస్తే అప్పటి అన్యాయం చెరిగిపోతుంది. మీరు రాసే వివరంలో మాత్రం ఆ జనం తమను తాము పిలుచుకునే పేరే వాడండి. జబ్బులు, కాపురం తగాదాలు, దత్తతలు ఉన్న కాగితాలను బయటపెట్టాలా వద్దా అన్నది మీరొక్కరే తేల్చకండి. ఇచ్చిన కుటుంబాన్ని అడగాలి. ఫోన్‌తో తీసిన ఏ ఫొటో అయినా అనుమతి లేకుండా వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లకూడదు.

5. స్కానింగ్

కాగితాలకు 300 నుంచి 400 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క), చిన్న ఫొటోలకు 600 సరిపోతుంది. దాచే అసలు ప్రతి నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా, చూపించడానికి చిన్న జేపెగ్ ఫైలు. ఫైలు పేరులో అక్సెషన్ నంబరు ఉండాలి. వెనకవైపు కూడా స్కాన్ చేయండి, ఫొటోలో ఉన్నదెవరో చాలాసార్లు అక్కడే రాసి ఉంటుంది.

6. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు

వెళ్లేముందు ఇంట్లోవాళ్లకు చెప్పి, తీరిక చూసుకుని వెళ్లండి. రికార్డింగ్ మొదట్లోనే ‘తాతా, మీ మాటలు మ్యూజియంలో దాస్తాం, సరేనా?’ అని అడిగి, ఆయన జవాబు కూడా వినపడేలా చూసుకోండి. ‘ఏ సంవత్సరం?’ అని అడిగితే చాలామంది ఆగిపోతారు. ‘ఉప్పెనకు ముందా, తర్వాతా?’ అంటే దివిసీమవాళ్లు వెంటనే చెబుతారు. అది 1977 నవంబరు 19. గోదావరి లంకల్లో 1986 వరద, తెలంగాణ పల్లెల్లో రజాకార్ల కాలం అలాంటి గుర్తులే. వాళ్ల యాసను పుస్తకభాషలోకి మార్చి రాయకండి. కన్నీళ్లు వచ్చినచోట రికార్డరు ఆపి, కొనసాగించాలో వద్దో వాళ్లనే చెప్పనివ్వండి.

7. వెళ్లిపోయేముందు

ఏ పెట్టె వరకు పూర్తయింది, ఏ కట్టలో సందేహాలు మిగిలాయి, ఏ పేరు ఎలా రాశారు అన్నది రాసి ఇవ్వండి. తర్వాత వచ్చేవాళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టకుండా ఉంటారు. సర్టిఫికెట్‌లో ‘ఇంటర్న్‌గా పనిచేశారు’ అని మాత్రమే కాక, ఏ సేకరణ మీద, ఏ భాషల్లో, ఏ పని చేశారో రాయమని అడగండి. ఈ రంగంలోనే ఉండాలనిపిస్తే ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారానికి (నేషనల్ ఆర్కైవ్స్‌కు) చెందిన స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్ ఏడాది డిప్లొమాతో పాటు స్వల్పకాలిక కోర్సులూ నడుపుతుంది. దానికి దరఖాస్తు చేసేటప్పుడు సర్టిఫికెట్‌లోని ఆ వివరాలు పనికొస్తాయి.