బొలెరోకి ఇంట్లోనే స్నార్కెల్ బిగించుకోవడం ఎలా?

కాలువలో దిగిన గేదెను చూశారా? ఒళ్లంతా నీళ్లలోనే ఉంటుంది, ముట్టె మాత్రం పైన. స్నార్కెల్ పని కూడా అంతే. ఇంజిన్ గాలి పీల్చుకునే రంధ్రం మామూలుగా బానెట్ కింద, హెడ్‌లైట్ ఎత్తులో ఎక్కడో ఉంటుంది. దాన్ని ముందు అద్దం పక్కనుంచి టాపు ఎత్తుకు తీసుకెళ్లే గొట్టమే స్నార్కెల్.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాక విజయవాడ ఆటోనగర్ షెడ్లకు చేరిన బండ్లు రెండు రకాలు. ఇంటి ముందు ఆగి ఉండగానే మునిగినవి కొన్ని. వాటికి స్నార్కెల్ ఉన్నా ఒరిగేదేమీ లేదు. నీళ్లలోంచి నడిపితే మధ్యలో ఆగిపోయినవి మరికొన్ని. ఈ వ్యాసం ఆ రెండో రకం గురించి.

నాది బొలెరో క్యాంపర్. కొల్లిపర వైపు లంకలో అరటి తోట ఉంది, ఏటి పాయ దాటకుండా పని జరగదు. నిజం చెప్పాలంటే ఆ పాయలో నీళ్లు ఏడాదికి కొన్ని వారాలే. మిగతా కాలమంతా దుమ్ము. స్నార్కెల్ వల్ల నాకు ఎక్కువ లాభం దుమ్ము విషయంలోనే కనిపించింది. ముందు బండి లేపే దుమ్ము కింద దట్టంగా, పైన పలచగా ఉంటుంది కాబట్టి పైనుంచి పీల్చే ఇంజిన్‌కి ఫిల్టర్ తొందరగా మూసుకుపోదు.

నీళ్లు లోపలికి పోతే ఏమవుతుంది

గాలిని నొక్కవచ్చు, నీళ్లను నొక్కలేం. 2523 సీసీ, నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్‌కి సుమారు 630 సీసీ వస్తుంది. కంప్రెషన్ నిష్పత్తి, అంటే గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందో ఆ లెక్క, 18 అనుకుంటే పిస్టన్ పైకి వచ్చేసరికి మిగిలే చోటు 37 సీసీ. అంటే చిన్న టీ గ్లాసులో సగం. అంతకంటే ఎక్కువ నీళ్లు ఒక సిలిండర్‌లో చేరితే పిస్టన్ పైకి రాలేదు, దాన్ని కింది నుంచి తిప్పే క్రాంక్ షాఫ్ట్ ఆగదు, మధ్యలో ఉన్న కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. దీన్నే హైడ్రోలాక్ అంటారు. ఆ బిల్లు గురించి ఆటోనగర్‌లో ఎవరినడిగినా చెబుతారు.

అందువల్ల పైపు పైకి లేపడం ఈ పనిలో చాలా తేలిక భాగం. పైపు మూతి నుంచి ఇంజిన్ దాకా దారిలో ఎక్కడా చిల్లి లేకుండా చూడటమే అసలు పని. పైన గొట్టం ఎంత ఎత్తున్నా కింద అగ్గిపుల్ల పట్టేంత చిల్లి ఉంటే ఇంజిన్ అక్కడినుంచే నీళ్లు పీలుస్తుంది.

మొదలుపెట్టే ముందు

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. స్నార్కెల్ విషయంలో మీ ఆర్‌టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర ఒక మాట ముందే అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. వారంటీలో ఉన్న బండికైతే ఈ పని పెట్టుకోవద్దు. థార్, జిప్సీ లాంటి వాటికి అచ్చు పోసిన రెడీమేడ్ స్నార్కెల్ దొరుకుతుంది, అవి ఉన్నవాళ్లు అదే కొనుక్కోవడం మంచిది. ఇంట్లో తయారీ పాత బొలెరోలు, పికప్‌ల లాంటి వాటికి.

తర్వాత బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఏ పక్క ఉందో చూడండి. స్నార్కెల్ కూడా ఆ పక్కనే రావాలి. ఇంజిన్ మీదుగా అవతలికి లాగితే వంపులు పెరుగుతాయి, వేడీ తగులుతుంది. డబ్బాలోకి గాలి వెళ్లే మూతి లోపలి వ్యాసం కొలిచి రాసుకోండి. ఇకపై మనం వాడే ఏ పైపైనా అంతకంటే సన్నగా ఉండకూడదు.

ఎంత లావు పైపు?

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి తన సీసీ అంత గాలి మింగుతుంది. 2.5 లీటర్ల ఇంజిన్ 3000 ఆర్‌పీఎం మీద నిమిషానికి సుమారు 3750 లీటర్ల గాలి లాగుతుంది. గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే టర్బో ఉంటే ఇంకా ఎక్కువ, ఆ ఒత్తిడి (బూస్టు) గట్టిగా ఉన్నప్పుడు దాదాపు రెట్టింపు. సన్న పైపు పెట్టి ఆ గాలి రమ్మంటే, బోరు వేసుకుని దానికి అరంగుళం పైపు బిగించినట్టు ఉంటుంది. బండి ఎక్కుడు దగ్గర నల్లపొగ కక్కుతుంది, డీజిల్ తాగుతుంది.

వ్యవసాయ పైపుల కొట్లో 63 మి.మీ. అంటే 2 అంగుళాలు, 75 అంటే రెండున్నర, 90 అంటే 3 అంగుళాలు. ఆ అంకెలు బయటి వ్యాసానివి, గోడ మందం తీసేస్తే లోపల ఇంకా తక్కువ. 63 పైపులో గాలి దారి 75 పైపుతో పోలిస్తే సుమారు 30 శాతం తగ్గిపోతుంది. నేను 75 వాడాను. చోటు ఉంటే 90 పెట్టుకున్నా మేలే. పైపు మీద 6 కిలోల ప్రెషర్ అని అచ్చు ఉన్నదే తీసుకోండి. 2.5 కిలోల పల్చటి పైపు ఎండకు మెత్తబడితే కొమ్మ తగిలినా సొట్ట పడుతుంది.

పీవీసీ బయట మాత్రమే. బానెట్ లోపలి వేడికి అది వంగిపోతుంది. ఫెండర్ (ముందు చక్రం పైనుండే పక్క రేకు) నుంచి ఫిల్టర్ డబ్బా దాకా ఉన్న ముక్కకు లోపల తీగ ఉన్న రబ్బరు హోస్ గానీ లారీల టర్బోకి వాడే సిలికాన్ హోస్ గానీ కావాలి. తీగ లేని హోస్ అయితే ఇంజిన్ గట్టిగా పీల్చినప్పుడు స్ట్రాలాగా అతుక్కుపోతుంది. ఇంకో కారణం కూడా ఉంది. ఇంజిన్ ఊగుతుంది, బాడీ ఊగదు, కాబట్టి మధ్యలో ఏదో ఒకటి మెత్తగా ఉండాలి.

ఇవి కాక 45 డిగ్రీల బెండ్లు, సాల్వెంట్ సిమెంట్, టీ బోల్టు ఉన్న హోస్ క్లాంపులు, స్టెయిన్‌లెస్ పట్టీతో రెండు బ్రాకెట్లు, 6 మి.మీ. బోల్టులు, రబ్బరు బీడింగు, తుప్పు రాకుండా ప్రైమరు, అద్దెకు డ్రిల్లు, రేకును గుండ్రంగా కోసే హోల్‌సా బిట్టు. 90 డిగ్రీల ఎల్బోలు ఎంత తగ్గిస్తే అంత మంచిది. ఒక 90 బదులు రెండు 45లు వేస్తే గాలి సాఫీగా తిరుగుతుంది.

ఫెండర్‌కి రంధ్రం

వెనక్కి తీసుకోలేని పని ఇదొక్కటే కాబట్టి తొందర వద్దు. మొదట బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. అట్టముక్కను పైపు సైజుకు గుండ్రంగా కత్తిరించి ఫెండర్ మీద అంటించి, దూరంగా వెళ్లి చూడండి. తలుపు తెరిస్తే తగులుతుందా, బానెట్ మూస్తే అడ్డమా, డ్రైవర్ సీట్లో కూర్చుంటే మలుపులో మనిషి కనిపిస్తాడా? మూడూ సరిగా ఉన్నాకే గుర్తు పెట్టండి.

చక్రం పక్కనున్న ప్లాస్టిక్ లైనర్ విప్పి లోపలినుంచి చెయ్యి పెట్టి తడమండి. వైరింగ్ కట్ట, వైపర్ నీళ్ల డబ్బా, ఫ్యూజు పెట్టె లాంటివి అక్కడే దాక్కుని ఉంటాయి. చాలా బండ్లలో ఫెండర్ వెనక ఇంకో రేకు ఉంటుంది, రెండు రంధ్రాలూ ఒకే వరుసలో రావాలి. గుర్తు మీద మాస్కింగ్ టేపు వేసి 4 మి.మీ. బిట్టుతో చిన్న రంధ్రం చేసి, అది సరిగ్గా పడిందని చూసుకున్నాకే హోల్‌సా పెట్టండి. స్పీడు తగ్గించి, నూనె చుక్కలు వేస్తూ కొయ్యాలి. అంచులు ఆకురాయితో రుద్ది వెంటనే ప్రైమరు వేయండి. మన ఊరి ఉక్కకు పచ్చి రేకు వారంలో తుప్పు పడుతుంది. అంచు చుట్టూ రబ్బరు బీడింగు తొడగండి, లేకపోతే అదే రేకు పైపును కోస్తుంది.

రేకు పొడి ఫిల్టర్ డబ్బాలో పడకుండా ముందే దాని మూతికి టేపు వేసి ఉంచండి. నేను ఆ పని మర్చిపోయి, తర్వాత డబ్బా అంతా విప్పి అయస్కాంతంతో ఏరుకున్నాను.

పైపు నిలబెట్టడం

బెండ్లన్నీ సిమెంట్ లేకుండా ముందు పొడిగా తొడిగి బండి మీద పెట్టి చూడండి. ప్రతి జాయింటు మీద మార్కరుతో అడ్డగీత గీయండి. సాల్వెంట్ సిమెంట్ పూశాక తిప్పుకోవడానికి క్షణాలే టైము ఉంటుంది, ఆ గీతే అప్పుడు దారి చూపిస్తుంది. అంటించే ముందు రెండు వైపులా ఉప్పుకాగితంతో గరుకు చేసి, తుడిచి, పూర్తి లోతు దిగేదాకా తోయాలి. తర్వాత ఒక రోజు కదపకూడదు.

అద్దం పక్క స్తంభానికి బ్రాకెట్లు రెండు చోట్ల చాలు. కింద ఒకటి, టాపుకి కొంచెం దిగువన ఒకటి. పైపుకీ పట్టీకీ మధ్య పాత ట్యూబు ముక్క పెడితే మోత ఉండదు. పీవీసీకి ఎండ పడదు కాబట్టి రంగు తప్పనిసరి. నలుపు అందంగా ఉంటుంది గానీ మే నెలలో తెల్లరంగు బతుకుతుంది.

ఇక తల. గాలికి ఎదురుగా తెరిచి పెడితే వానలో నీళ్లు నేరుగా దిగుతాయి. రెడీమేడ్ వాటిలో ఆ నీళ్లు బయటికి పోయే ఏర్పాటు తలలోనే ఉంటుంది, మన దగ్గర ఉండదు. అందుకే మూతిని వెనక్కి, కొంచెం కిందికి తిప్పండి. లేదా ట్రాక్టర్ల మీద పుట్టగొడుగులా కనిపించే ప్రీక్లీనర్ పెట్టండి. అది గాలిని గిర్రున తిప్పి దుమ్మును, నీటి చుక్కలను బయటికి విసిరేస్తుంది. లంకల్లో, క్వారీ దారుల్లో తిరిగే బండికి నేను చెప్పేది అదే. కాకపోతే మీ ఇంజిన్ లాగే గాలికి సరిపోయే పెద్ద సైజుదే అడగండి. ట్రాక్టర్ 2000 ఆర్‌పీఎం దగ్గర పనిచేస్తుంది, మన బండి అంతకంటే చాలా పైకి పోతుంది.

నాకు మొదట పైపు పెట్టినాయన, వాన నీళ్లు దిగిపోవాలని ఫెండర్ దగ్గర అడుగు బెండుకి చిన్న రంధ్రం పెట్టాడు. మంచి ఉద్దేశంతోనే. కానీ ఆ రంధ్రం నీటి మట్టం కిందికి వచ్చే చోటు! గేదె ముట్టె పైకెత్తి, పొట్టకి చిల్లి పెట్టుకున్నట్టు. ఆ బెండు మొత్తం తీయించాను.

చిల్లులు మూయడం

ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి. ఫిల్టర్ డబ్బా అడుగున దుమ్ము, నీరు పోవడానికి కంపెనీ వాళ్లే చిన్న రంధ్రమో రబ్బరు మూతో పెడతారు. రంధ్రమైతే మూసేయాలి. రబ్బరు మూత అయితే ఎండిపోయి నోరు తెరిచిందేమో చూసి కొత్తది వేయాలి. కొన్ని బండ్లలో శబ్దం తగ్గించడానికి డబ్బాకి ముందు రెజొనేటర్ అనే బోలు పెట్టె ఉంటుంది. దాన్ని తీసేస్తే మిగిలే రంధ్రాన్ని గట్టిగా మూయాలి.

డబ్బా మూత దగ్గర సిలికాన్ పూయకండి, తర్వాత ఫిల్టర్ మార్చాలంటే కొయ్యాల్సి వస్తుంది. అక్కడ కొత్త రబ్బరు వాషరు వేసి క్లిప్పులు బిగిస్తే చాలు. ఫిల్టర్ దాటాక ఇంజిన్ వైపు ఉన్న పైపు లోపల అసలే పూయకూడదు. ఎండిన సిలికాన్ ముక్క ఊడితే సరాసరి టర్బోలోకి పోతుంది. ఆ వైపు హోస్ పగిలి ఉంటే అతుకు వేయకుండా కొత్తది మార్చండి.

పరీక్ష

బండి స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ తొక్కకుండా ఐడిల్‌లో ఉంచి, ప్రతి జాయింటు దగ్గరా వెలిగించిన అగరబత్తి నెమ్మదిగా తిప్పండి. పొగ జాయింటు వైపు లాక్కుపోతే అక్కడ చిల్లి ఉన్నట్టే. ఫ్యాను తిరుగుతుంటుంది, చొక్కా చేతులు మడిచి, డీజిల్ లీకు ఏమీ లేదని చూసుకుని చేయండి.

తర్వాత చిన్న చెక్కకి రబ్బరు షీటు అంటించి పైన మూతికి అడ్డం పెట్టండి. ప్రీక్లీనర్ ఉంటే దాన్ని ముందు ఊడదీయండి. రెండు మూడు సెకన్లలో ఇంజిన్ గింజుకుని ఆగిపోవాలి. హాయిగా తిరుగుతూనే ఉంటే ఎక్కడో వేరే దారిలో గాలి అందుతోంది, మళ్లీ అగరబత్తి వెలిగించండి. అరచెయ్యి పెట్టకండి, పీల్పు చాలా గట్టిగా ఉంటుంది. గుడ్డ అసలు వద్దు, లోపలికి పోతుంది.

పైపు ఒక్కటే చాలదు

యాక్సిల్, గేర్‌బాక్స్‌లకు గాలి ఆడటానికి బ్రీదర్లు ఉంటాయి. పరుగెత్తి వేడెక్కిన యాక్సిల్ చన్నీళ్లలో దిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుని నీళ్లను పీలుస్తుంది. ఆయిల్ పాలు కలిసిన టీ రంగుకి మారితే అదే కారణం. బ్రీదర్లకు సన్న రబ్బరు గొట్టాలు తొడిగి బానెట్ పైభాగం దాకా లాగి కట్టేయండి. ఖర్చు తక్కువ, ఉపయోగం స్నార్కెల్‌తో సమానం. ఆల్టర్నేటర్, ఫ్యూజు పెట్టె, సెన్సార్లు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి, పైపు వాటిని కాపాడదు. కొత్త థార్‌కే కంపెనీ చెప్పే నీటి లోతు 650 మి.మీ. మన ఇంటి పైపుతో దాన్ని దాటాలని చూడకండి.

పారే నీళ్ల సంగతి వేరు. 30 సెంటీమీటర్ల ప్రవాహం చిన్న కారును తేల్చగలదు, 60 సెంటీమీటర్లు పెద్ద బండ్లనూ లాక్కుపోగలదు. చప్టా మీద నీళ్లు పారుతుంటే, గుంటూరు మూడు వంతెనల దగ్గర అడుగు కనిపించకుండా నిలిస్తే, స్నార్కెల్ ఉన్నా ఆగండి. దిగాల్సిన చోట మనిషి నడిచి లోతు చూశాక, ఫోర్‌వీల్ ఉంటే అది వేసి, మొదటి గేరులో, నడక వేగంతో, మధ్యలో గేరు మార్చకుండా దాటండి.

మధ్యలో ఇంజిన్ ఆగిపోతే మాత్రం తాళంచెవి ముట్టుకోకండి. బయటికి లాగించి, ఫిల్టర్ తీసి చూడండి. తడిగా ఉంటే ఇంజెక్టర్లు గానీ గ్లో ప్లగ్‌లు గానీ విప్పి, చేత్తో క్రాంక్ తిప్పి నీళ్లు బయటికి పోయాకే స్టార్టర్ కొట్టాలి.

బిగించిన మొదటి నెలలో వారానికోసారి డబ్బా తెరిచి, ఫిల్టర్ అవతలి వైపు తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకి దుమ్ము అంటితే ఫిల్టర్ కూర్చునే చోటో, దాని తర్వాతి హోసో సరిగా లేదు. నా బండికి రెండో వారంలో అంటింది. మూత క్లిప్పు ఒకటి వదులైంది.