కాలిన కొండవాలు మళ్ళీ పచ్చబడాలంటే

ఉదయగిరి, రాపూరు వైపు వెలిగొండల అంచున గానీ, కనిగిరి చుట్టుపక్కల మెట్ట బీళ్ళలో గానీ వేసవి మంటకు సొంత గుట్ట కాలిపోయినప్పుడు, మొదట చేయవలసింది మొక్కలు కొనడం కాదు, ఒక వానకారు ఆగి చూడడం. (అటవీ భూమి అయితే అటవీ శాఖ అనుమతి లేనిదే ఏ పనీ మొదలుపెట్టకూడదు.) ఈ మెట్ట అడవిలో చెట్టు ప్రాణం చాలావరకు నేల కిందే ఉంటుంది. చండ్ర, ఎర్రచందనం మోళ్ళ మొదళ్ళ నుంచి చిగురిస్తాయి, తుమికి వేర్ల నుంచే పిలకలు లేపుతుంది. నేల చదును చేద్దామని ట్రాక్టరో జేసీబీయో దింపితే, మంట వదిలిపెట్టిన ఆ వేళ్ళను మన చేతులతోనే పెకలించినట్లవుతుంది.

నెల్లూరు వైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి కాబట్టి, ఆషాఢంలో ఎండుగా కనిపించిన మోడును చచ్చిందని తీర్మానించక కార్తీకం దాటేవరకు చూడాలి. గోటితో బెరడు గీకితే కింద పచ్చదనం కనిపించినది బతికి ఉన్నట్లే. నిజంగా చచ్చిన మానులను కూడా కొన్నింటిని నిలబెట్టి ఉంచడం మంచిది, ఎందుకంటే వాటిపై వాలే పక్షుల రెట్టల్లోనే వేప, బలుసు, కలివి గింజలు వచ్చి పడతాయి.

ఆ ఏడాది పని ప్రధానంగా కాపలా. లేత పిలకలను మేకలు పదే పదే కొరికితే వేరులోని నిల్వ తరిగి మొదలే చస్తుంది. అందువల్ల కనీసం రెండేళ్ళు మేపు ఆపాలి, అయితే మేకల కాపర్లతో ముందుగా మాట్లాడి, గడ్డి కోసుకోనివ్వకపోతే ఏ కంచే నిలవదు. కోసిన గడ్డి వచ్చే వేసవి మంటకు మేత కాకుండా పోతుంది కూడా. మేకలు ముట్టని తంగేడును మాత్రం తీసివేయకూడదు, దాని నీడలో, దాని చాటున ఇతర మొలకలు బతుకుతాయి.

సర్కారు తుమ్మ విషయంలో ఈ ఓపిక పనికిరాదు. నేలమట్టానికి నరికితే అది మరింత గుబురుగా లేస్తుంది కాబట్టి, చిన్నవాటిని వాన తడి ఉండగానే పీకాలి, ముదిరినవాటిని జానెడుకు పైగా లోతు తవ్వి వేరుమొదలుతో సహా తీయాలి. ఆ కంపనే కంచెకు వాడవచ్చు గానీ, కాయలున్న కొమ్మలు వద్దు.

రెండో ఏడు మోడుకు రెండు మూడు బలమైన పిలకలు ఉంచి మిగిలినవి పదునైన కత్తితో తీసివేయాలి. అప్పటికీ ఖాళీగా మిగిలిన చోట్ల మాత్రమే, ఆశ్వయుజంలో తొలి మంచి వాన పడ్డాక, ఆ గుట్ట జాతుల మొక్కలనే నాటాలి.